రంగు క్రింది ఇనుము

కుండను కొనువాడు దానిని వ్రేలితో మీటి చూచును. బియ్యమును కొనువాడు నాలుగు గింజలు నోట వేసికొని నమిలి చూచును. రంగు వేసిన వస్తువు విషయమున మాత్రము మనుజుడు కంటిచూపుతోనే తృప్తిపడును. నిగనిగలాడుచున్నచో మంచిదనును, వెలిసిపోయినచో పాతదనును. అంతటితో తీర్పు ముగియును. కావుననే రంగు కేవలము అలంకారమని పలువురు భావింతురు. ఈ భావము సగము మాత్రమే సత్యము. మట్టిబొమ్మకు రంగు అలంకారము కావచ్చును గాని, ఇనుమునకు రంగు కవచము. ఆ కవచమునకు చిన్న చిల్లు పడినను లోపలి లోహమునకు ఆయువు తగ్గనారంభించును.

ఇనుము తుప్పుపట్టుటకు గాలిలోని ప్రాణవాయువు, తేమ, రెండును కావలయును. పొడిగాలిలో ఇనుము చిరకాలము చెడకుండును. తేమకు ఉప్పు తోడైనచో తుప్పు మరింత వేగముగా వ్యాపించును. సముద్రతీరపు ఊళ్లలో కిటికీ ఊచలును, సైకిళ్లును త్వరగా చెడిపోవుటకు ఇదియే కారణము. అల్యూమినియము గాలి సోకినంతనే తనపై ఒక సన్నని గట్టి పొరను కప్పుకొని, లోపలి లోహమును కాపాడుకొనును. ఇనుమునకు ఆ భాగ్యము లేదు. దాని తుప్పు గుల్లగా ఉండి తేమను లోనికి రానిచ్చును. అంతేకాక, తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటును ఆక్రమించును. అందుచే రంగు అడుగున పుట్టిన తుప్పు ఆ రంగు పొరను పైకెత్తి పొక్కుగా చేయును. పొక్కు పగిలిన పిదప నీరు ఇంకను లోనికి పోవును. పైకి పెసరగింజంత కనబడు పొక్కునకు అడుగున రూపాయిబిళ్లంత తుప్పుండుట వింత కాదు.

అట్టి పొక్కు ఒకటి కాకినాడలోని ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయుని మోటారుసైకిలు ట్యాంకుపై కనబడెను. ఆ వాహనము ఆయన సంపాదించినది కాదు. ఆయన తండ్రి పశువైద్యశాలలో కాంపౌండరుగా పనిచేయుచు, 1978లో కొనిన బుల్లెట్టు అది. చుట్టుప్రక్కల గ్రామములలో ఆవు ఈనలేక బాధపడినను, ఎద్దు మేత మానినను, ఆ పెద్దాయన రాత్రి యనక పగలనక దానిపైననే పోయెడివాడు. దాని శబ్దము దూరమునుండియే విని, రైతులు లాంతరు పట్టుకొని ఊరి మొగను నిలుచుండెడివారు. ఆయన కాలము చేసిన పిదప బండి కుమారునకు వచ్చెను.

బుల్లెట్టు మొదట ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు కర్మాగారమున పుట్టినది. 1955లో మద్రాసు మోటార్సు వారు ఆ ఇంగ్లీషు కంపెనీతో కలిసి, దానిని మన దేశముననే తయారుచేయుటకు పూనుకొనిరి. మద్రాసునకు ఉత్తరముననున్న తిరువొత్తియూరులో అందుకొక కర్మాగారము వెలసెను. ఆ కాలపు బండ్లలో ట్యాంకు, మడ్‌గార్డులు, ఇరుప్రక్కల పెట్టెలు, అన్నియు ఉక్కు రేకుతో చేసినవి. ఉక్కు బరువైనదే, తుప్పునకు లోబడునదే. కాని సొట్ట పడినచో దానిని సరిచేయవచ్చును. రంగు చెడినచో తీసివేసి మరల వేయవచ్చును. నలుబది యేండ్లు గడచినను పాత బుల్లెట్లు వీధులలో తిరుగుచుండుటకు ఇది ఒక కారణము.

ట్యాంకుపై పొక్కును చూచిన ఇరుగుపొరుగువారు, “దీనికింత విచారమేల? పైన ఒక పూత కొట్టించిన సరిపోవును” అని సలహా ఇచ్చిరి. ఉపాధ్యాయునకు ఆ సలహా రుచింపలేదు. ఏలననగా, 2019లో ఒక దుకాణమువారు చేసిన పని అదియే. వారు పాత రంగును తీయక, తుప్పును తుడిచి, దానిపై లప్పము దట్టముగా మెత్తి, ముదురెరుపు రంగు కొట్టి ఇచ్చిరి. అది నాడు అద్దమువలె మెరిసెను. మూడు వర్షకాలములు గడచునప్పటికి అడుగున దాగిన తుప్పు తన పని తాను చేసికొనుచు పైకి వచ్చెను. “పైన పటారము, లోన లొటారము” అను సామెత రంగు పనికి చక్కగా వర్తించును. కావున ఆయన 2022 వేసవి సెలవులలో, ఎనిమిదవ తరగతి చదువుచున్న తన కుమార్తెను తోడుగా పెట్టుకొని, ఆ పనిని ఇంటి పెరటిలో వేపచెట్టు నీడను మొదటినుండి చేయ నిశ్చయించెను.

ఏ రంగు వేయవలెనను ప్రశ్న ముందుగా వచ్చెను. సైనికుల బండ్లవలె ఆకుపచ్చ వేయుదమని బాలిక ఉబలాటపడెను. సైన్యమువారి ఆ ఆలివ్ ఆకుపచ్చ రంగును ఇతరులు తమ వాహనములకు వేసికొనరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవని తండ్రి తెలిపెను. తుదకు బండి పుట్టినప్పటి నలుపునే మరల వేయుటకు నిర్ణయించుకొనిరి. వాహనపు రంగు రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడి ఉండును గనుక, ముదురెరుపు నలుపుగా మారుచున్నదని రవాణా కార్యాలయమునకు ముందుగా దరఖాస్తు పెట్టిరి.

పని ట్యాంకును విప్పుటతో మొదలయ్యెను. రంగు తీయుటలో ప్రమాదము రంగులోనే ఉన్నదని చాలమంది అనుకొందురు. నిజమునకు మొదటి ప్రమాదము ట్యాంకులోపల నుండును. పెట్రోలు పోసి ఉంచిన ట్యాంకుకంటె, పెట్రోలు తీసివేసిన ట్యాంకు ఎక్కువ భయంకరమైనది. ద్రవరూపమున నున్న పెట్రోలు మండదు. దాని ఆవిరి గాలితో కలిసి మండును. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర పాలు ఉన్నను, నిప్పురవ్వ తగిలినచో పేలిపోవును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గనుక ఖాళీ ట్యాంకులో అడుగున దాగి ఉండును. కావున ఉపాధ్యాయుడు ఆరుబయట, వంటయింటికి దూరముగా పెట్రోలును డబ్బాలోనికి తీసి, ట్యాంకును సబ్బునీటితో పలుమారులు కడిగి, మూత తీసి ఎండలో ఆరబెట్టెను. తుప్పు తిన్నచోట సూదిబెజ్జమంత చిల్లొకటి కనబడగా, దానికి అతుకువేయు పనికి తాను పూనుకొనలేదు. ట్యాంకును శాస్త్రోక్తముగా శుద్ధిచేసి అతుకువేయ నేర్చిన ఒక అనుభవజ్ఞునికి దానిని అప్పగించెను. తనకు రాని పని ఏదో తెలిసికొనుటయు పనితనములో ఒక భాగమే.

రంగును తీయుటకు పలు మార్గములు కలవు. పూసిన కొద్ది నిమిషములలో రంగును ఉబ్బించి ఊడదీయు రసాయనములు అంగడిలో దొరకును. వానిలో మిథిలీన్ క్లోరైడు అను ద్రవ్యము కలిసినవి కొన్ని ఉన్నవి. మూసిన గదులలో దాని ఆవిరి పీల్చి ప్రాణములు కోల్పోయిన పనివారు పలువురు కలరు. అమెరికా ప్రభుత్వము ఇండ్లలో రంగు తీయుటకు దాని అమ్మకమును 2019లో నిషేధించినది. డబ్బాపై నున్న చిన్న అక్షరములను ఓపికతో చదివి, ఉపాధ్యాయుడు ఆ డబ్బాను అంగడివానికి తిరిగి ఇచ్చివేసెను. కాస్టిక్ సోడాతో తీయుదమా యనిన, దీపమును పొదిగిన బుల్లెట్టు ముందుభాగము అల్యూమినియపు పోత. కాస్టిక్ సోడా దానిని తినివేయును. ప్లాస్టిక్కు భాగములున్న నేటి బండ్లకైనచో ఇట్టి రసాయనములు అసలే పనికిరావు. రంగుతోపాటు ప్లాస్టిక్కును మెత్తబడి పాడగును. కడకు నీళ్ల బకెట్టు, గరుకు కాగితము, గీకుడు బిళ్ల, వీనితోనే పని సాగించిరి.

గరుకు కాగితము వెనుక ఒక అంకె ఉండును. 80 అను అంకె గలది ముతక. 400 గలది నునుపు. 2000 గలది చేతికి గరుకు తెలియనంత మెత్తన. ముతకతో మొదలిడి క్రమముగా మెత్తనికి పోవలెను. నడుమ మెట్టు విడిచినచో, ముతక కాగితము గీసిన గీతలు తుది పూతలో బయటపడును. పాత రంగులలో, ముఖ్యముగా ఎరుపు, పసుపు వన్నెలలో, సీసము కలిసి ఉండుట కలదు. సీసపు ధూళి పిల్లల మెదడునకు హానికరము. అందుచేత తండ్రి పొడి కాగితముతో రుద్దనీయలేదు. నీట తడిపి రుద్దినచో ధూళి లేవక బురదగా దిగును. ఆ బురదను వార్తాపత్రికలలో నెత్తి మూటగట్టిరే గాని కాలువలో పోయలేదు. పని ముగిసిన ప్రతిమారును చేతులు సబ్బుతో కడిగికొనక బాలిక మంచినీరైన త్రాగరాదని నియమము.

రంగు ఊడుచున్నకొలది, నరికిన చెట్టుమ్రానులో వలయములవలె, ఒకదాని క్రింద నొకటి పొరలు కనబడెను. అన్నిటికంటె పైన 2019 నాటి ఎరుపు. దానిక్రింద వ్రేలి మందమున లప్పము. ఆ లప్పము క్రింద నల్లబడిన తుప్పు. తుప్పు లేనిచోట మరియొక ముదురెరుపు. అది 1991లో పెద్దాయన వేయించినది. దాని అడుగున మొదటి నలుపు. “ఇది చరిత్ర పాఠమువలె నున్నది నాన్నగారూ” అని బాలిక నవ్వెను. ట్యాంకును, మడ్‌గార్డులను వారు కనికరము లేక ఇనుము తెల్లగా కనబడువరకు రుద్దిరి. తుప్పు గుంటలు ఒక్కటియు విడువలేదు. తడిపి రుద్దిన ఇనుము రాత్రి గడచునప్పటికే గోధుమవన్నెకు తిరుగును గనుక, ఏనాడు రుద్దిన భాగమును ఆనాడే ఆరబెట్టి, ప్రైమరు పూసి మరి నిద్రించిరి.

కుడిప్రక్క పెట్టె మూత వంతు వచ్చిననాడు ఒక చిక్కు కలిగెను. పై రెండు ఎరుపులును పోయి నలుపు కనబడుచుండగా, బాలిక కాగితమును చప్పున పైకెత్తెను.

“నాన్నగారూ, కొంచెము చూడుడు. ఇచ్చట ఏవో అక్షరములున్నవి.”

ఉపాధ్యాయుడు నీరు చల్లి, గుడ్డతో తుడిచి చూచెను. నలుపుపై ఒక సన్నని బంగారు గీత. దాని నడుమ, చేతితో వ్రాసిన తెల్లని తెలుగు అక్షరములు: “పశువైద్యము”. బండి కొనిన కొత్తలో పెద్దాయన ఏ ఊరి చిత్రకారునిచేతనో వ్రాయించుకొనినది కాబోలు. ముప్పది సంవత్సరములుగా అది ఎరుపు క్రింద నిద్రించుచుండెను. కుమారునకు దాని జాడయే తెలియదు.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిదప, “చక్కగా నున్నది. కాని దీనిని కూడ తీయక తప్పదమ్మా. బండియంతయు క్రొత్త నలుపుతో మెరయుచుండగా, ఈ మూత ఒక్కటి మాసియుండిన, పని పూర్తి చేయలేదని చూచినవారందురు” అనెను.

“ట్యాంకు రంగు మనము తీసినది తుప్పు ఉన్నందుననే కదా?” అని బాలిక అడిగెను. “దీనిక్రింద తుప్పు లేదు. మరి దీనినేల తీయవలెను?”

ఆ ప్రశ్నకు ఉపాధ్యాయునకు సమాధానము తోచలేదు. ఆయన భూతద్దము తెచ్చి మూతను అంచునుండి అంచువరకు పరీక్షించెను. గోటితో నొక్కెను, వ్రేలితో తట్టి విని చూచెను. పొక్కు లేదు, పగులు లేదు. మూల నొకచోట కత్తిమొనతో గీకగా, పాత నలుపు ఇనుమును విడువక గట్టిగా పట్టుకొని ఉండెను. నలుబది నాలుగు సంవత్సరముల క్రిందట ఎవరో చేసిన పని అది. ఇంకను తన ధర్మమును నిర్వర్తించుచుండెను. దానిని గీకివేయుట శుభ్రపరచుట కాదు, పాడుచేయుట. ఆయన కాగితమును క్రింద పెట్టి, “నీవు చెప్పినదే న్యాయము. తుప్పు ఉన్నచోట జాలి పనికిరాదు; తుప్పు లేనిచోట తొందర పనికిరాదు” అనెను. పాత రంగుపై క్రొత్త ద్రవము పడినచో కొన్ని వేళల అది ముడుతలు పడి లేచును గనుక, మొదట మూల నొక చుక్క వేసి చూచి, చెడదని నిశ్చయించుకొనిన తరువాత, అక్షరములపై రంగు లేని పలుచని పూత వేసిరి.

ఇక పూత పని. రంగు పనివారు వాడు సామగ్రిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కథ కలదు. పూర్వము పనివారు పొడి కాగితముతో రంగును రుద్ది, ఆ ధూళిని పీల్చి రోగములపాలగుచుండిరి. నీట తడిపినను చెడని కాగితము 1921లో అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. ఆ కాగితమును తయారుచేసిన త్రీ ఎం కంపెనీలోని రిచర్డ్ డ్రూ అను యువకుడు, దానిని పరీక్షించుటకు కార్ల దుకాణములకు పోవుచుండెడివాడు. రెండు రంగుల కారుకు నడుమ గీత సరిగా రానందులకును, అంటించిన కాగితమును ఊడబెరుకునప్పుడు రంగు కూడ లేచివచ్చుచున్నందులకును పనివారు విసుగుకొనుట ఆయన చూచెను. అంటుకొని, మరల హాని చేయక ఊడివచ్చు పట్టీని ఆయన 1925లో కనిపెట్టెను. రంగు చిమ్ము తుపాకి సంగతి ఇంకను చిత్రమైనది. అమెరికాలో డెవిల్‌బిస్ అను వైద్యుడు గొంతులోనికి మందు చిమ్ముటకు ఒక పరికరమును చేసెను. ఆయన కుమారుడు ఆ సూత్రముతోనే 1907లో రంగు చిమ్ము పరికరమును నిర్మించెను. ఇక రంగు మాట. మొదటి కార్ల రంగులు ఆరుటకు వారములు పట్టెడివి. 1923 ప్రాంతమున ‘డ్యూకో’ అను త్వరగా ఆరు రంగు వచ్చి, వారముల పనిని గంటలలోనికి దించెను. కార్లకై పుట్టిన ఆ రంగు మన తెలంగాణములోని నిర్మల్ చిత్రకారుల కుంచెలకును చేరినది.

మరి లప్పము? అది అన్యదేశపు వస్తువుగా తోచును గాని, అందలి కిటుకు మనవారికి క్రొత్త కాదు. కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండితోను రంపపు పొట్టుతోను ‘మక్కు’ చేసి, అతుకులను పూడ్చి నునుపు చేయుదురు. దానిపై సున్నము పూసి, ఆరిన పిదపనే రంగులు వేయుదురు. లప్పమైనను మక్కైనను చేయవలసిన పని ఒక్కటియే: చిన్న లోటును పూడ్చుట. పెద్ద దోషమును కప్పిపుచ్చుటకు దానిని వాడినప్పుడే చిక్కు వచ్చును. ఉపాధ్యాయుడు సొట్టలను లోపలినుండి మెల్లగా తట్టి సరిచేసి, మిగిలిన పల్లములందు మాత్రమే కాగితమంత పలుచగా లప్పము తీసెను.

ఉపరితలము చదునైనదో లేదో కంటికి తెలియదు. అందులకు పనివారొక ఉపాయము చేయుదురు. బూడిదవన్నె ప్రైమరుపై నల్లరంగును దుమ్మువలె పలుచగా చల్లి, ఆరిన పిదప మెత్తని కాగితముతో రుద్దుదురు. మిట్టలందలి నలుపు వెంటనే పోవును, పల్లములందు నిలుచును. ఎక్కడ పని మిగిలినదో ఆ మచ్చలే చెప్పును. బాలిక ఈ ఉపాయమును చూచి మిక్కిలి సంతోషించెను. తప్పును దాచు రంగును ఆమె అంతకుముందు చూచినది. తప్పును చూపు రంగును అప్పుడే చూచెను.

నలుపు వేయుటకు సిద్ధమైననాడు మబ్బు పట్టెను. గాలిలో తేమ ఎక్కువగా నున్నప్పుడు డ్యూకో వంటి రంగు వేసినచో, అది ఆరుచు చల్లబడి, గాలిలోని తేమను తనపై పట్టుకొని పాలవలె తెల్లబడును. సముద్రతీరపు ఊరిలో ఈ బాధ అధికము. ఇంకను రెండు దినములలో సెలవులు ముగియనుండెను. అయినను ఉపాధ్యాయుడు డబ్బా మూత తీయలేదు. “నిదానమే ప్రధానము” అని ఆ పని ఆదివారములకు వాయిదా వేసెను. ఎండ కాసిన ఒక ఉదయమున జానెడు దూరమునుండి, చేయి ఒకచోట నిలుపక, పలుచని పూతలు నాలుగు వేసిరి. ఒక్క పూతలోనే నల్లగా చేయవలెనని ఆత్రపడువాని రంగు కన్నీటివలె క్రిందికి జారును.

ట్యాంకుపై తుది మెరుగు పూత ఒక్కటి వారు ఇంట వేయలేదు. పెట్రోలు ఒలికినను చెక్కుచెదరని ఆ పూత, రెండు ద్రవములు కలిపి వేయునది. అందులోని ఐసోసైనేట్లు అను ద్రవ్యములు ఊపిరితిత్తులకు చేటు చేసి ఉబ్బసమును కలిగించును. ముఖమునకు గుడ్డ కట్టుకొన్నంత మాత్రమున అవి ఆగవు. తగిన గదియు, వేరుగా మంచిగాలి నందించు ముసుగును ఉన్న పనిశాలకే దానిని విడిచిరి.

దానికి ముందు బంగారు గీతలు గీయవలసి యుండెను. తిరువొత్తియూరు కర్మాగారమున బుల్లెట్టు ట్యాంకులపై ఆ గీతలను యంత్రము గీయలేదు. చేయి తిరిగిన పనివారు కుంచెతో గీసిరి. కాకినాడలో అట్టి చేయి ఎవరికున్నదని వెదకగా, అంగళ్ల పేరుపలకలు వ్రాసిన ఒక వృద్ధ చిత్రకారుడు దొరకెను. అచ్చువేసిన ఫ్లెక్సీలు వచ్చినది మొదలు ఆయన కుంచెలకు పని తగ్గెను. ఆయన పొడుగు వెండ్రుకల కుంచెను రంగులో ముంచి, చిటికెనవ్రేలిని ట్యాంకునకు ఆనించి, ఒక్క ఊపున మొదటినుండి చివరివరకు గీత లాగెను. మూతపై అక్షరములను చూచి, “వ్రాసినవాడు తొందర ఎరుగనివాడు” అనెను. బాలిక బతిమాలగా ఆమెచేత మొదట గాజుపలకపై అభ్యాసము చేయించి, “కుంచెను చూడకమ్మా, గీత చేరవలసిన చోటును చూడు” అని నేర్పెను. ఎడమప్రక్క పెట్టె లోపలివైపున ఆమె గీసిన గీత ఒకటి నేటికిని ఉన్నది. అది కొంచెము వంకర. దానిని చెరుపుటకు ఎవరికిని మనసు రాలేదు.

పిమ్మట రెండు వర్షకాలములు గడచెను. ట్యాంకుపై పొక్కు లేవలేదు. చూచినవారెల్ల నలుపు నిగనిగను మెచ్చుకొనుచుండిరి. ట్యాంకు అడుగున, ఎవ్వరి కంటను పడనిచోట కూడ ప్రైమరు పూసినారా యని అడిగినవారు మాత్రము లేరు. ఒకనాడు పిఠాపురము దారిలో, తేనీటి దుకాణమువద్ద బండి నిలిపినప్పుడు, ఒక ముసలి రైతు దగ్గరకు వచ్చెను. ఆయన మెరయుచున్న ట్యాంకువంక చూడలేదు. వంగి, మాసిన మూతపై నున్న “పశువైద్యము” అను మాటను మెల్లగా చదివి, “ఇది మన కాంపౌండరుగారి బండి కాదా బాబూ? మా ఆవును బ్రతికించిన బండి” అనెను.

క్రొత్త రంగు ఎవరికైనను చూపులను తెచ్చును. ఆ ముసలివానిని తెచ్చినది పాత రంగు. ఒక వస్తువును బాగుచేయువాడు రెండు విషయములు తెలిసికొనవలెను: ఏది చెడినది, ఏది చెడలేదు. చెడినదానిని దాచినచో వస్తువు నశించును. చెడనిదానిని చెరిపినచో వస్తువు మిగిలినను దాని కథ నశించును. ఈ రెంటిని వేరుచేయుటకు ఖరీదైన పనిముట్లు అక్కరలేదు. బకెట్టెడు నీరు, మెత్తని కాగితము, ఆగవలసినచోట ఆగగల చేయి ఉన్నచో చాలును.